కొలెస్ట్రాల్ మాత్ర ఎలా వాడాలి: ధమనులు పూడకుండా, పూడినవి ముదరకుండా

మా మందుల షాపుకి ఏళ్ళ తరబడి వచ్చే ఒక పెద్దాయన కిందటేడు చీటీ కౌంటర్ మీద పెట్టి, అందులో ఒక మందు పేరు మీద వేలు ఆనించి, "ఇది తీసెయ్ బాబూ, కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చేసింది" అన్నారు. రిపోర్టు చూశాను. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 71. "బాబాయ్ గారూ, ఈ బిళ్ళ వేసుకుంటున్నారు కాబట్టే అది 71కి దిగింది" అన్నాను. వినలేదు. రెండు నెలలయ్యాక ఆయనే మళ్ళీ రక్తపరీక్ష చేయించుకుని వచ్చారు. 148. కాయితం నా చేతిలో పెట్టి, ఇంకేం మాట్లాడకుండా "రెండు స్ట్రిప్పులివ్వు" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టను. జ్వరం బిళ్ళ వేసుకుంటే జ్వరం తగ్గుతుంది, గ్యాస్ బిళ్ళ వేసుకుంటే కడుపు నెమ్మదిస్తుంది. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకున్నా ఒంటికి ఏమీ తెలియదు, మానేసినా ఏమీ తెలియదు. తెలిసేది రక్తపరీక్షలోనే. అందుకే ఇంత మంచి మందు ఇంతమంది ఇళ్ళలో డబ్బాలో మిగిలిపోతోంది.

నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. మందు రాసేది, డోసు మార్చేది, ఆపేది మీ డాక్టరే. ఆ డాక్టరు గదిలో మనకు దొరికే ఐదు నిమిషాల్లో ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి, ఎప్పుడు కంగారుపడాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నవి వరసగా చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో

గుండె రక్తనాళాల గురించి చెప్పేటప్పుడు అందరూ పైపులో పట్టిన తుప్పుతో పోలుస్తారు. అది సగమే నిజం. కొవ్వు పైపు లోపలి వైపు తుప్పులా అంటుకోదు, గోడలోకి దూరుతుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ కణాలు ధమని లోపలి పొర కిందకు జారి అక్కడ చిక్కుకుంటాయి. వాటిని మింగడానికి తెల్లకణాలు వస్తాయి, మింగి మింగి అక్కడే ఉబ్బి చచ్చిపోతాయి. అలా ఏళ్ళ తరబడి పేరుకున్న ముద్ద మీద ఒక పలుచని పొర కడుతుంది. చర్మం కింద చీముగడ్డను ఊహించుకోండి, దాదాపు అలాంటిదే. కాలక్రమేణా కాల్షియం చేరి కొంత గట్టిపడుతుంది. ధమనులు గట్టిపడటం అని మనం అనేది దీన్నే.

ఆ పొర చిట్లితే అసలు ప్రమాదం. చిట్లిన చోట నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. గుండెలో అయితే గుండెపోటు, మెదడుకు వెళ్ళే నాళంలో అయితే పక్షవాతం. నాళాన్ని సగం కూడా మూయని కొవ్వు గడ్డలు చిట్లి గుండెపోటు తెచ్చిన సందర్భాలు బోలెడు. అందుకే యాంజియోగ్రాంలో "బ్లాక్ 40 శాతమే, మందులు చాలు" అని రాస్తే ఊపిరి పీల్చుకుని మందుల్ని అశ్రద్ధ చేయకండి. అక్కడ మందులే వైద్యం. స్టెంట్ వేసినా అంతే. స్టెంట్ ఒక్కచోట దారి తెరుస్తుంది, మిగతా నాళాలన్నిటినీ చూసుకునేది మాత్రే.

ఆ మాత్రల్లో మొదటిది స్టాటిన్. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మన దగ్గర ఎక్కువగా రాసేవి. ఒంట్లో కొలెస్ట్రాల్‌లో పెద్ద వాటా మనం తినేది కాదు, శరీరం తయారుచేసుకునేది. గుడ్డు కూడా ముట్టని శాకాహారికి ఎల్‌డీఎల్ 180 వస్తే ఆశ్చర్యపోవక్కర్లేదు. స్టాటిన్ కాలేయంలో ఆ తయారీని తగ్గిస్తుంది. సరుకు తగ్గిన కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను మరింతగా లాక్కుంటుంది. అలా లాక్కునే గ్రాహకాలను కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మందును మొదట పట్టుకున్నది మాత్రం జపాన్‌లో అకిరా ఎండో, 1970లలో, ఒక బూజులోంచి. పెన్సిలిన్ కూడా బూజులోంచి వచ్చిందే కదా, అదే ఆలోచనతో ఆయన వేల రకాల బూజుల్ని వడపోశారు. 1987లో అమెరికాలో మొదటి స్టాటిన్ అమ్మకానికి వచ్చింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగుల మీద చేసిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ వేసుకున్నవాళ్ళలో మరణాలు 30 శాతం తగ్గాయి. వాదనలు ఆ తర్వాతా సాగాయి కానీ, గుండెపోటు వచ్చినవాళ్ళ విషయంలో మాత్రం తేలిపోయింది.

మొదటి మెట్టు: రిపోర్టులో ఏ అంకె చూడాలి

లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోండి. మామూలుగా పరగడుపున ఉండాల్సిన పని లేదు. ట్రైగ్లిసరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) 400 దాటినవాళ్ళకు మాత్రం ఎల్‌డీఎల్ లెక్క సరిగ్గా రాదు, వాళ్ళు పరగడుపున మళ్ళీ ఇవ్వాలి, లేదా ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించుకోవాలి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కొలిచేది కాదు, లెక్కగట్టేది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిసరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే మిగిలేది.

మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటిందా లేదా అని చూసి రిపోర్టు మడతపెట్టేయకండి. చూడాల్సింది ఎల్‌డీఎల్. దాని పక్కనే నాన్-హెచ్‌డీఎల్, అంటే మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసినది. షుగర్, పెద్ద పొట్ట, ఎక్కువ ట్రైగ్లిసరైడ్లు ఉన్నవాళ్ళకు (మనలో అలాంటివాళ్ళు తక్కువేం కాదు) నాన్-హెచ్‌డీఎల్ ఇంకా నిజం చెప్తుంది.

జీవితంలో ఒక్కసారి లైపోప్రొటీన్ (ఏ), అంటే ఎల్‌డీఎల్‌ను పోలిన మరో కొవ్వు కణం, పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. ఇది పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, స్టాటిన్‌తో తగ్గదు. 50 మిల్లీగ్రాములు దాటితే రిస్క్ పెరిగినట్టు. అలాంటప్పుడు డాక్టరు మిగతావన్నీ మరింత గట్టిగా అదుపు చేస్తారు.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకో మాట. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న కొడుకు వాట్సాప్‌లో "నాన్నా, నా ఎల్‌డీఎల్ 2.6" అంటే అది వేరే కొలత. 38.67తో గుణించండి, మన లెక్కలో దాదాపు 100 అవుతుంది. అమెరికా రిపోర్టులు మాత్రం మన పద్ధతిలోనే ఉంటాయి.

రెండో మెట్టు: మీ లక్ష్యం ఎంత

రిపోర్టు కుడి పక్కన అచ్చువేసిన 'నార్మల్' మిమ్మల్ని చూసి రాసింది కాదు. ల్యాబ్ కంప్యూటరుకు మీకు స్టెంట్ ఉందని తెలియదు. నా కౌంటర్ దగ్గర జరిగే గొడవల్లో సగం దీనివల్లే.

కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో మన దేశానికంటూ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం ఇప్పటికే గుండెపోటు, ఆంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి), పక్షవాతం లాంటివి వచ్చినవాళ్ళు చాలా ఎక్కువ రిస్క్‌లో ఉన్నట్టు. వాళ్ళ ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలి, నాన్-హెచ్‌డీఎల్ 85 లోపు. షుగరో బీపీయో ఉండి రిస్క్ ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 100 లోపు. మిగతావాళ్ళకు 100 లోపు, 130 లోపు. అంటే ఎల్‌డీఎల్ 90 ఉంటే ఒకరికి శుభ్రంగా ఉన్నట్టు, ఇంకొకరికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉన్నట్టు.

డాక్టరు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "నా ఎల్‌డీఎల్ ఎంతకి రావాలండీ?" ఆ అంకెను ఫైలు అట్ట మీద పెద్దగా రాసుకోండి.

గుండె జబ్బు ఇంకా రాని మధ్యవయసువాళ్ళకు మాత్ర కావాలా వద్దా అన్నది కొంచెం చిక్కు ప్రశ్న. వయసు, బీపీ, షుగర్, పొగతాగడం, కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, ఇవన్నీ కలిపి డాక్టరు తూస్తారు. తేలకపోతే సీటీ స్కాన్‌తో గుండె నాళాల కాల్షియం స్కోరు చూడొచ్చు. సున్నా వస్తే, షుగరూ సిగరెట్టూ కుటుంబ చరిత్రా లేకపోతే, కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు. 100 దాటితే మాత్రకు మొగ్గుతారు. ఇంకో సంగతి, మనవాళ్ళకు గుండెపోటు తొందరగా వస్తుంది. ఇంటర్‌హార్ట్ అనే అంతర్జాతీయ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు నడిమి వయసు 53, మిగతా దేశాలవాళ్ళకు 59 దాకా. పాశ్చాత్య దేశాల రిస్క్ కాలిక్యులేటర్‌లో "మీకు తక్కువ" అని వచ్చినా మీ డాక్టరు మందు రాస్తే కారణం ఇదే కావచ్చు.

ఎల్‌డీఎల్ 190, అంతకు పైన ఉంటే ఈ తూకాలేవీ లేవు. అది వంశపారంపర్య సమస్య కావచ్చు. మడమ వెనక నరం దగ్గర, మోచేతుల దగ్గర కొవ్వు ముడులు కనిపిస్తే ఇంకా అనుమానించాలి. వాళ్ళకు మందు తప్పదు, ఇంట్లో తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి.

మూడో మెట్టు: మొదలుపెట్టే ముందు

థైరాయిడ్ పరీక్ష చేయించారా? థైరాయిడ్ తక్కువైతే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. పైగా ఆ స్థితిలో స్టాటిన్ వేస్తే కండరాల నొప్పులూ ఎక్కువగా వస్తాయి. థైరాయిడ్ సరిచేస్తే కొందరికి కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది. కాలేయం పరీక్ష, షుగర్, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) కూడా ఒకసారి చూసిపెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి. ఫ్యాటీ లివర్ ఉందని స్టాటిన్ మానక్కర్లేదు. ఆడవాళ్ళు గర్భం కోసం చూస్తున్నా, బిడ్డకు పాలు ఇస్తున్నా ముందే డాక్టరుకు చెప్పాలి. చాలామందికి అప్పుడు మందు ఆపుతారు.

నాలుగో మెట్టు: చీటీ చదవడం

డోసుల సంగతి కొంచెం తెలుసుకుంటే మంచిది. అటోర్వాస్టాటిన్ 40 లేదా 80, రోసువాస్టాటిన్ 20 లేదా 40 మిల్లీగ్రాములు: ఇవి పెద్ద డోసులు, ఎల్‌డీఎల్‌ను సగమో ఇంకా ఎక్కువో తగ్గిస్తాయి. అటోర్వా 10-20, రోసువా 5-10 మధ్యస్థం, 30 నుంచి 50 శాతం దాకా. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్ళకు మొదటి రోజు నుంచే పెద్ద డోసు ఇస్తారు, రిపోర్టు కోసం ఆగరు. రోసువాస్టాటిన్ మన లాంటి ఆసియా వాళ్ళ రక్తంలో దాదాపు రెట్టింపు స్థాయిలో ఉంటుందని మందు సమాచార పత్రంలోనే ఉంది. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచే డాక్టర్లు ఉంటారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు రోసువా డోసు పరిమితం చేస్తారు, అటోర్వాకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు నాకు రోజూ టెన్షన్ పెట్టే విషయం, కలగలుపు క్యాప్సూళ్ళు. మన దగ్గర అటోర్వాస్టాటిన్‌లో ఆస్పిరిన్ కలిపినవి, దానికి క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా చూసేది) కూడా జతచేసినవి, రోసువాలో ఫెనోఫైబ్రేట్ (ట్రైగ్లిసరైడ్లు తగ్గించేది) కలిపినవి, ఎజెటిమైబ్ కలిపినవి రకరకాలుగా ఉన్నాయి. స్టెంట్ వేయించుకున్నవాళ్ళకు ఒకే క్యాప్సూల్‌లో మూడూ ఉంటే సుఖమే. కానీ పక్కింటాయన క్యాప్సూల్ చూసి "నాకూ కొలెస్ట్రాలేగా, అదే ఇవ్వు" అని అడిగేవాళ్ళుంటారు. గుండె జబ్బు లేని మనిషి అనవసరంగా ఆస్పిరిన్ రోజూ మింగితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. అటుపక్క, అలాంటి క్యాప్సూల్ వేసుకుంటూనే మరో డాక్టరు రాసిన విడి ఆస్పిరిన్‌నూ కలిపి మింగేవాళ్ళూ ఉన్నారు. స్ట్రిప్పు వెనక్కి తిప్పండి. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లూ, వాటి పక్కన మిల్లీగ్రాములూ చదవండి. చిన్న అక్షరాలు కనపడకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి, లేదా మా లాంటివాళ్ళను అడగండి.

ఖర్చు గురించి: జన్ ఔషధి కేంద్రాల్లో అటోర్వా, రోసువా చాలా చవకగా దొరుకుతాయి. మందు పేరు, డోసు ఒకటే అయితే బ్రాండు మారినా భయం లేదు. నా వ్యాపారానికి ఇది మంచి సలహా కాదు కానీ, ఖరీదైన బ్రాండు కొని నెలలో పది రోజులు మానేయడం కంటే చవకది కొని ముప్ఫై రోజులూ వేసుకోవడం మేలు.

ఐదో మెట్టు: వేసుకోవడం

అటోర్వా, రోసువా ఏ పూటైనా వేసుకోవచ్చు, తిన్నాకైనా తినకముందైనా. రాత్రే వేసుకోవాలన్న నియమం సిమ్వాస్టాటిన్ లాంటి పాత మందులది. మీరు మరిచిపోని పూట ఏదో అదే మంచి పూట. పొద్దున్న కాఫీ ఎప్పుడూ మానరు కదా, డబ్బా కాఫీ పొడి డబ్బా పక్కనే పెట్టండి.

ఒక రోజు మర్చిపోతే ఆ రోజే గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది ఒక్కటే. రెండూ కలిపి వద్దు. తీర్థయాత్రకో పెళ్ళికో ఊరెళ్తే వారానికి సరిపడా ఎక్కువ పెట్టుకోండి.

ఆరో మెట్టు: మళ్ళీ పరీక్ష, చాలకపోతే పై మెట్లు

మాత్ర మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లోపు మళ్ళీ లిపిడ్ ప్రొఫైల్. చాలామంది ఎగ్గొట్టేది ఈ పరీక్షనే. "మందు వాడుతున్నాంగా" అంటారు. మందు వాడటం వేరు, లక్ష్యం చేరడం వేరు. డోసు కుదిరాక మూడు నుంచి పన్నెండు నెలలకోసారి చాలు.

ఒక లెక్క వేసి చూద్దాం. స్టెంట్ పడిన మనిషి, మొదట్లో ఎల్‌డీఎల్ 160, లక్ష్యం 55. రోసువా 20తో సగానికి దిగి 80 అయింది. డోసు రెట్టింపు చేస్తే ఇంకో సగం తగ్గి 40 అవుతుందనుకుంటాం, అవదు. స్టాటిన్ డోసు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా వచ్చేది 6 శాతం మాత్రమే. 160లో 6 శాతమంటే దాదాపు 10, కాబట్టి 70 దగ్గర ఆగుతుంది. దానికి బదులు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే ఉన్నదాంట్లో ఐదో వంతు దాకా తగ్గుతుంది, 64కి వస్తుంది. ఈ మందు పేగుల్లో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా అడ్డుకుంటుంది, దారి వేరు కాబట్టి స్టాటిన్‌తో జోడీ బాగా కుదురుతుంది. 18 వేల మందికి పైగా గుండె రోగుల మీద జరిగిన ఇంప్రూవ్-ఇట్ పరీక్షలో ఈ జోడీ ఎల్‌డీఎల్‌ను 70 నుంచి 54 దాకా దించింది, గుండెపోట్లూ పక్షవాతాలూ ఇంకొంచెం తగ్గాయి.

64 నుంచి 55కి? బెంపెడోయిక్ ఆమ్లం అనే మాత్ర ఉంది, 180 మిల్లీగ్రాములు. ఇది కాలేయంలోకి వెళ్ళాకే పనిచేయడం మొదలుపెడుతుంది, కండరాల్లో పనిచేయదు. స్టాటిన్‌తో ఒళ్ళునొప్పులు పడేవాళ్ళకు అందుకే ఇది ఆసరా. యూరిక్ ఆసిడ్ పెంచుతుంది, గౌట్ (యూరిక్ ఆసిడ్ వల్ల వచ్చే కీళ్ళ వాపు) ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి.

ఆపైన ఇంజెక్షన్లు. ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ లాంటివి రెండు వారాలకోసారి చర్మం కింద వేసుకునేవి, ఎల్‌డీఎల్‌ను 60 శాతం దాకా దించుతాయి. ఇన్‌క్లిసిరాన్ మొదట రెండు డోసులు మూడు నెలల తేడాతో, తర్వాత ఆర్నెల్లకొకటి. పనితనంలో వీటికి వంక లేదు, ధర దగ్గరే మనవాళ్ళు ఆగిపోతారు. అందుకే ఇంజెక్షన్ దాకా వెళ్ళే ముందు చవకైన రెండు మాత్రలూ పూర్తి డోసులో, ఒక్క రోజూ మానకుండా వాడామా అన్నది నిజాయితీగా చూసుకోవాలి. మందు పనిచేయలేదనుకున్న కేసుల్లో మిగిలిపోయిన స్ట్రిప్పులు నేను చాలా చూశాను.

ట్రైగ్లిసరైడ్లు 500 దాటితే మాత్రం వరస మారుతుంది. క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి వాటి సంగతి ముందు చూస్తారు. మద్యం మానడం, షుగర్ అదుపు, ఫెనోఫైబ్రేట్.

ఏడో మెట్టు: నొప్పులు, షుగర్, కాలేయం

"ఈ బిళ్ళ వేసుకుంటే ఒళ్ళంతా నొప్పులండీ." ఈ మాట కొట్టిపారేయకూడదు, ఉన్నదున్నట్టు నమ్మేయనూ కూడదు.

స్టాటిన్ నొప్పికి ఒక తీరు ఉంటుంది. రెండు తొడలూ, రెండు పిక్కలూ, భుజాలూ ఒకేలా లాగేస్తాయి. ఎక్కువగా మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లో వస్తుంది. ఒక్క కుడి మోకాలే నొప్పి అంటే మాత్రను అనుమానించడం తగ్గించి మోకాలిని చూపించుకోండి. 2020లో బ్రిటన్‌లో శాంసన్ అనే చిన్న పరీక్ష జరిగింది. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నొప్పి నిజమే. మాత్ర మింగుతున్నామన్న భయం కూడా నొప్పి పుట్టిస్తుంది. ఆ పరీక్ష తర్వాత వాళ్ళలో సగం మంది మళ్ళీ స్టాటిన్ మొదలుపెట్టారు.

కాబట్టి నొప్పి వస్తే మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి. సీకే అనే కండరాల పరీక్ష, థైరాయిడ్, డి విటమిన్ చూస్తారు. అవసరమైతే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, తగ్గిందేమో చూసి, చిన్న డోసుతోనో వేరే స్టాటిన్‌తోనో రోజు విడిచి రోజుతోనో మళ్ళీ మొదలుపెడతారు. ఇలా చేస్తే ఎక్కువమందికి ఏదో ఒకటి పడుతుంది.

ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భం ఒకటుంది. కండరాలు బాగా నొప్పెట్టి, నీరసించి, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే మాత్ర ఆపి వెంటనే వెళ్ళండి. కండరం కరిగి మూత్రపిండాలను దెబ్బతీసే స్థితి అది. చాలా అరుదు, కానీ ఆలస్యం చేసేది కాదు. కళ్ళు పచ్చబడినా అంతే.

కాలేయం ఎంజైములు కొందరిలో కొంచెం పెరుగుతాయి. నార్మల్ పై హద్దుకు మూడు రెట్లు దాటితే డాక్టరు డోసు గురించి ఆలోచిస్తారు. అంతకు తక్కువైతే సాధారణంగా కొనసాగిస్తారు.

షుగర్ గురించిన భయంలో కొంత నిజం ఉంది. స్టాటిన్లు షుగర్ వచ్చే అవకాశాన్ని కాస్త పెంచుతాయి, ముఖ్యంగా ఇప్పటికే షుగర్ గీత మీద ఉన్నవాళ్ళకు. 2010లో పాత పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు 255 మంది నాలుగేళ్ళు వాడితే ఒక్కరికి అదనంగా షుగర్ వచ్చినట్టు తేలింది. మరోపక్క ఎల్‌డీఎల్ దాదాపు 39 తగ్గిన ప్రతిసారీ పెద్ద గుండె, మెదడు ప్రమాదాలు ఐదో వంతు తగ్గుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకే ఈ మాత్ర అవసరం ఇంకా ఎక్కువ కాబట్టి, ఆ భయంతో ఆపడం నాకు సబబుగా తోచదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకుంటూ ఉండండి, చాలు.

కాల్షియం స్కోరు మళ్ళీ చేయించి "మాత్ర వేసుకున్నా పెరిగిందే" అని కంగారుపడేవాళ్ళున్నారు. స్టాటిన్ మెత్తటి గడ్డలోని కొవ్వును తగ్గించి, గట్టిపరిచి, చిట్లకుండా చేస్తుంది. ఆ గట్టిపడటమే స్కోరులో కనిపిస్తుంది. మాత్ర మొదలుపెట్టాక ఆ స్కాన్ పదేపదే చేయించడంలో అర్థం లేదు. గడ్డ పరిమాణం కొంత తగ్గడమూ చూశారు. 2006లో ఆస్టరాయిడ్ అనే పరీక్షలో రోసువా 40 రెండేళ్ళు వాడినవాళ్ళ గుండె నాళాల లోపల అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే గడ్డలు స్వల్పంగా కుంచించుకుపోయాయి. స్వల్పంగానే. పూర్తిగా కరిగించే మందు ఏదీ లేదు, అలా చెప్పి అమ్మేవాళ్ళను నమ్మకండి.

ఎనిమిదో మెట్టు: పడని మందులు

మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు తామర మందుతో. తామరకు ఇట్రాకొనజోల్ వారాల తరబడి రాస్తారు. అది అటోర్వా, సిమ్వా మందుల్ని రక్తంలో పేరుకునేలా చేస్తుంది. దగ్గుకో గొంతునొప్పికో రాసే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. చర్మం డాక్టరుకు మీ గుండె మందుల సంగతి తెలియదు, మీరే చెప్పాలి. ఆ కొద్ది రోజులు స్టాటిన్ ఆపాలో మార్చాలో వాళ్ళు చెప్తారు. ట్రైగ్లిసరైడ్లకు వాడే జెమ్ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలపరు. గౌట్‌కు వాడే కొల్చిసిన్‌తో జాగ్రత్త. అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, హెచ్ఐవీ మందుల్లో కొన్ని, వీటి గురించి తప్పకుండా అడగండి. గ్యాస్‌కు తాగే తెల్లటి టానిక్ రోసువాను ఒంటికి పట్టనివ్వదు, రెండు గంటల ఎడం పెట్టండి.

గ్రేప్‌ఫ్రూట్ రసం వద్దని మందు కాగితంలో ఉంటుంది. మన పంపర పనస దానికి కన్నతల్లి వరస. ఎప్పుడో రెండు తొనలు తింటే ఏం కాదు, రోజూ గ్లాసుల కొద్దీ రసం మాత్రం వద్దు. 'ఎర్ర ఈస్టు బియ్యం' పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే గుళికల్లో ఉండేది సహజంగా పుట్టిన లోవాస్టాటినే. అంటే స్టాటిన్ మీద స్టాటిన్, అదీ ఎంత ఉందో లెక్క లేకుండా. వెల్లుల్లి, మెంతులు కూరలో వేసుకోండి, మాత్రకు బదులుగా మాత్రం కాదు.

తిండి సంగతి

క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దీని గురించి అందరూ చెప్తారు. తిండితో ఎల్‌డీఎల్ కొంత తగ్గుతుంది. 110 ఉన్నవాళ్ళకు అది చాలొచ్చు, 190 ఉన్నవాళ్ళకు చాలదు. పామాయిల్, డాల్డా, మరగకాచిన నూనెలో మళ్ళీ వేయించిన బజ్జీలు తగ్గించండి. పప్పులు, చిక్కుళ్ళు, జొన్న, ఓట్స్, ఆకుకూరలు పెంచండి. ఇసబ్గోల్ రోజూ తీసుకుంటే ఎల్‌డీఎల్ కాస్త దిగుతుంది, కానీ మందులు వేసుకున్న వెంటనే తాగకండి. పళ్ళెంలో అన్నం కొండ తగ్గిస్తే ట్రైగ్లిసరైడ్లు దిగుతాయి. మాత్ర వేసుకుంటున్నాం కదా అని సిగరెట్టు కొనసాగిస్తే ఎడం చేత్తో కట్టి కుడి చేత్తో విప్పినట్టే.

ఎన్నాళ్ళు? ఇంట్లో మిగతావాళ్ళకో?

గుండెపోటు, స్టెంట్, బైపాస్, పక్షవాతం, కాలి నాళాల పూడిక వచ్చినవాళ్ళు జీవితాంతం. ఎల్‌డీఎల్ 35, 40కి దిగిందని ఆపక్కర్లేదు, ఆ స్థాయిలో హాని జరుగుతుందని పరీక్షల్లో తేలలేదు. ఆపరేషన్ ఏదైనా జరుగుతుంటే స్టాటిన్ మామూలుగా ఆపరు. రక్తం పలుచనచేసే మందులు ఆపమంటే దీన్నీ కలిపి ఆపేస్తుంటారు జనం, విడిగా అడిగి తెలుసుకోండి. 75 దాటి, గుండె జబ్బు లేకుండా, కొత్తగా మొదలుపెట్టాలా అన్నది మనిషిని బట్టి డాక్టరు చెప్పాల్సిందే. ఇప్పటికే వాడుతూ ఇబ్బంది లేనివాళ్ళు వయసు పెరిగిందని మానక్కర్లేదు.

మాత్ర సరిగ్గా వేసుకుంటున్నా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే గ్యాసనుకుని కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మాత్ర ప్రమాదాన్ని తగ్గిస్తుంది, సున్నా చేయదు.

ఇంట్లో తండ్రికో అన్నకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే మిగతావాళ్ళ లిపిడ్ ప్రొఫైల్ ఇప్పుడే చేయించండి. 2024 మార్గదర్శకాలు 18 ఏళ్ళకే మొదటి పరీక్ష చేయమంటున్నాయి, కుటుంబ చరిత్ర ఉంటే ఇంకా ముందే. మొన్న ఆ 148 బాబాయ్ గారు మందులు కొనడానికి వచ్చినప్పుడు వెంట కొడుకు ఉన్నాడు, నలభై రెండేళ్ళవాడు. "నీదెంత?" అని అడిగాను. "నాకేం లేదన్నా, ఎప్పుడూ చూపించుకోలేదు" అన్నాడు. పక్క సందులో ల్యాబ్ ఎనిమిదింటికే తెరుస్తారని చెప్పాను.